అమెరికా సాయం ఆగినా ఆరని పొయ్యిలు: ఆఫ్రికాలో విశ్వాస దానం ఎంత దూరం వస్తుంది?

క్లుప్తంగా: 2025లో అమెరికా, బ్రిటన్ సహా పలు దేశాలు విదేశీ సాయాన్ని బాగా తగ్గించాయి. ఆ లోటును చర్చిలు, మసీదులు, సూఫీ సంఘాలు, ప్రవాసుల చందాలు పూడుస్తాయన్న ఆశ వినిపిస్తోంది. మొత్తాలు చూస్తే అది అయ్యే పని కాదు. అయితే మత విశ్వాసంతో ఇచ్చే ఈ డబ్బు త్వరగా కదులుతుంది, దేనికి ఖర్చు పెట్టాలో ఊళ్లోవాళ్లే తేల్చుకుంటారు. కూటికి, కట్టడాలకు బాగా పనికొస్తుంది. నెలనెలా జీతాలకు, ఏళ్ల తరబడి వాడాల్సిన మందులకు మాత్రం చాలదు.

సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో, చుట్టుపక్కల పట్టణాల్లో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి లక్షల మంది సామూహిక వంటశాలల మీదే బతుకుతున్నారు. పెద్ద గుండిగల్లో పప్పు, బీన్సు, జొన్న సంకటి లాంటి అసీదా వండుతారు. జనం గిన్నెలతో వరుసలో నిలబడతారు. 2025 ఫిబ్రవరి నాటికి ఇలాంటి 1,100కు పైగా వంటశాలలు మూతపడ్డాయి. మొత్తంలో అవి ఐదింట నాలుగు వంతులు. కారణం బాంబులు కాదు. వేల మైళ్ల దూరంలో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సంతకం.

మిగిలిన పొయ్యిలు ఎలా వెలిగాయి? కొన్ని ఇతర దాతల నిధులతో, చాలావరకు గల్ఫ్‌లో, ఈజిప్టులో, యూరప్‌లో ఉన్న సూడానీల డబ్బుతో. అందులో కొంత జకాత్ (ముస్లింలు ఏటా విధిగా ఇచ్చే దానం), కొంత సదఖా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం), కొంత తమ పేట మీద మమకారం. ఏది ఎంతో విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు. విశ్వాస దానం గురించి వచ్చే అంచనాలన్నిటికీ ఉన్న మొదటి ఇబ్బంది ఇదే. ఈ డబ్బులో ఎక్కువ భాగం ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కదు.

కోత ఎంత?

2025 జనవరి 20న అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ విదేశీ అభివృద్ధి సాయాన్ని 90 రోజుల పాటు నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ప్రాణాధార సాయానికి మినహాయింపు ఉందని వారం తర్వాత ప్రకటించినా, చెల్లింపుల వ్యవస్థే స్తంభించడంతో డబ్బు కదల్లేదు. మార్చి 10న విదేశాంగ మంత్రి మార్కో రూబియో అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దయ్యాయని చెప్పారు. 1961లో కెనెడీ హయాంలో పుట్టిన ఆ సంస్థ జులై 1 నుంచి సాయం అందించే పని పూర్తిగా మానేసింది.

ఇది ఒక్క అమెరికా కథ కాదు. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతంగా ఉన్న సాయాన్ని 2021లో 0.5కు దించింది. 2027 నాటికి 0.3కు తెస్తామని 2025 ఫిబ్రవరిలో ప్రధాని స్టార్మర్ ప్రకటించారు. ఆ మిగులును రక్షణ ఖర్చుకు మళ్లిస్తారు. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కూడా ఇదే బాట పట్టాయి. సంపన్న దేశాల అధికారిక సాయం 2024లోనే 7.1 శాతం తగ్గి 21,210 కోట్ల డాలర్లకు దిగింది. అందులో దాదాపు 30 శాతం అమెరికాదే. 2025లో సహారాకు దిగువనున్న ఆఫ్రికాకు నేరుగా అందే సాయం 16 నుంచి 28 శాతం దాకా పడిపోవచ్చని సంపన్న దేశాల వేదిక ఓఈసీడీ ఆ ఏడాది మధ్యలో అంచనా వేసింది.

కోత పరిమాణం కన్నా వేగమే ఎక్కువ దెబ్బ తీసింది. పదేళ్లలో తగ్గించి ఉంటే ప్రభుత్వాలు సర్దుకునే వీలుండేది. ఇక్కడ వారాల్లో ఆగింది. కొన్ని ప్రభుత్వాలు వెంటనే స్పందించాయి కూడా. నైజీరియా 2025 ఆరోగ్య బడ్జెట్‌కు అదనంగా సుమారు 20 కోట్ల డాలర్లు చేర్చింది. దక్షిణాఫ్రికా హెచ్‌ఐవీ కార్యక్రమాలకు అదనపు నిధులిచ్చింది. ఘనా తన ఆరోగ్య బీమా నిధిపై ఉన్న పరిమితిని ఎత్తేసింది. బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని ఆఫ్రికా దేశాలు 2001లో అబుజాలో మాట ఇచ్చుకున్నాయి. పాతికేళ్లు గడుస్తున్నా ఆ మాట నిలబెట్టుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

‘విశ్వాస సంస్థ’ అంటే ఏది?

ఈ చర్చలో గందరగోళం ఎక్కువగా ఈ మాట దగ్గరే మొదలవుతుంది. ఒకే పేరు కింద మూడు రకాల డబ్బు తిరుగుతోంది.

మొదటిది పేరుకు మతసంస్థది, మూలంలో ప్రభుత్వానిది. అమెరికా కాథలిక్ బిషప్పుల సంస్థ కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వార్షిక బడ్జెట్ దాదాపు 150 కోట్ల డాలర్లు. అందులో సుమారు సగం యూఎస్ఎయిడ్ నుంచే వచ్చేది. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో అమెరికా కాథలిక్ ఇళ్లలో ‘రైస్ బౌల్’ అనే చిన్న అట్టపెట్టె కనిపిస్తుంది. ఉపవాసంలో మిగిల్చిన డబ్బులు అందులో వేస్తారు. వచ్చినదానిలో 75 శాతం విదేశీ కార్యక్రమాలకు వెళ్తుంది, 25 శాతం స్థానిక డయోసీస్‌లోనే ఉంటుంది. భక్తుల మనసులో సంస్థ అంటే ఆ పెట్టె. ఖాతా పుస్తకంలో మాత్రం ప్రభుత్వ గ్రాంటుదే పెద్ద వాటా. అందుకే కోత పడగానే మొదట ఉద్యోగుల్ని తీసేసినవాటిలో ఇలాంటి పెద్ద సంస్థలూ ఉన్నాయి. ప్రభుత్వ సాయం పోతే విశ్వాస సంస్థలు ఆదుకుంటాయనుకున్నవారికి ఇది తెలియని విషయం.

రెండోది సంపన్న దేశాల భక్తులు నేరుగా ఇచ్చే విరాళం. బ్రిటన్, గల్ఫ్, మలేసియా ముస్లింలు రంజాన్‌లో ఇచ్చే జకాత్, పాశ్చాత్య చర్చిల మిషన్ కానుకలు ఇందులోకి వస్తాయి. ఐరాస శరణార్థుల సంస్థ సైతం 2019లో ప్రత్యేకంగా శరణార్థి జకాత్ నిధిని తెరిచింది.

మూడోది ఆఫ్రికన్లు ఆఫ్రికన్లకు ఇచ్చుకునేది. చర్చిలో దశమ భాగం, మసీదు చందా, ఇథియోపియాలో చావు ఖర్చుల కోసం పేటపేటకూ ఉండే ‘ఇదిర్’ సంఘం, విదేశాల్లో ఉన్న కొడుకు ఊరి బావి కోసం పంపే వంద డాలర్లు. స్థానిక నాయకత్వం అన్న మాటకు నిజంగా సరిపోయేది ఇదే. సహారాకు దిగువ దేశాలకు 2023లో ప్రవాసులు పంపిన డబ్బు సుమారు 5,400 కోట్ల డాలర్లు. ఈ ప్రాంతానికి సంపన్న దేశాలు నేరుగా ఇచ్చే అధికారిక సాయం కన్నా ఇది ఎక్కువే. కానీ అందులో సింహభాగం ఇంటి అద్దెకు, ఫీజులకు, తిండికి పోతుంది. సామూహిక పనులకు మిగిలేది కొద్దిగానే.

సూడాన్: తకాయా ఎలా నడుస్తుంది

తకాయా అన్న మాట సూఫీ గురువుల మఠాల నుంచి వచ్చింది. దారిన పోయేవాడికి, ఖురాన్ చదువుకునే పిల్లలకు అక్కడ ఎప్పుడూ అన్నం దొరికేది. మన దగ్గర సత్రాలు, అన్నదాన సమాజాలు నడిచిన తీరుకు దగ్గరగా ఉంటుంది. దీనికి తోడు ‘నఫీర్’ అనే పాత పద్ధతి ఉంది. ఎవరి పొలంలోనైనా కోతకు మనుషులు చాలకపోతే ఊరంతా వెళ్లి చేసిపెట్టడం.

2023 ఏప్రిల్ 15న సైన్యానికి, ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలిటరీ దళానికి మధ్య యుద్ధం మొదలైంది. రాజధానిలో ప్రభుత్వం కనిపించకుండా పోయింది. అంతర్జాతీయ సంస్థల సిబ్బంది దేశం విడిచారు. అప్పుడు పేటల్లోని కుర్రాళ్లు ‘అత్యవసర స్పందన గదులు’ ఏర్పాటు చేసుకున్నారు. వీళ్లలో చాలామంది 2018–19 ప్రజా ఉద్యమంలో పనిచేసినవారు. అంటే ఈ గదులు మత సంస్థలు కావు. కానీ అవి తీసుకున్న రూపం, వంటశాలకు వాడిన పేరు, దాతలు డబ్బు వేసేటప్పుడు మనసులో పెట్టుకున్న భావం మాత్రం మతం నుంచి వచ్చినవే. ఈ గదులకు 2025లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం దక్కింది.

పని జరిగే తీరు సులువు. పేటలో ఎన్ని కుటుంబాలున్నాయో వాలంటీర్లకు తెలుసు. నూనె ధర, పప్పు ధర వాట్సాప్‌లో పెడతారు. రియాద్‌లోనో దోహాలోనో ఉన్న పేటవాళ్లు బ్యాంక్ ఆఫ్ ఖార్టూమ్ వారి బంకక్ యాప్‌లో డబ్బు వేస్తారు. దుకాణదారు కూడా అదే యాప్‌లో తీసుకుంటాడు. సాయంత్రానికి గుండిగ ఫొటో, కొన్న సరుకుల చీటీ గ్రూపులోకి వస్తాయి. ఒక పెద్ద దాతసంస్థ ఇదే పని చేయాలంటే ప్రతిపాదన, ఆమోదం, ఒప్పందం, ఆడిట్ అంటూ నెలలు పడుతుంది. ఇక్కడ ఆడిట్ చేసేది పక్కింటివాళ్లే. దొంగతనం జరిగితే ఆ వాలంటీరు అదే వీధిలో తలెత్తుకు తిరగలేడు.

లోపాలూ ఇక్కడే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో టెలికాం నెట్‌వర్కులు ఆగిపోయినప్పుడు యాప్ పనిచేయక వంటశాలలు మూతపడ్డాయి. తర్వాత స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పరికరాలతో కొంత సర్దుకున్నారు. నగదు కావాలంటే దళారులకు భారీ కమీషన్ కట్టాలి. వాలంటీర్లను రెండు పక్షాలూ అరెస్టు చేశాయి. దార్ఫుర్‌లోని అల్ ఫాషిర్ నగరం ముట్టడిలో చిక్కుకున్నప్పుడు జనం చివరికి పశువులకు పెట్టే వేరుశనగ చెక్క తిన్నారు. అక్కడి తకాయాలకు బయటి నుంచి డబ్బు అందుతూనే ఉన్నా, కొనడానికి సరుకే లేదు. ఆ నగరం 2025 అక్టోబరు 26న ఆర్ఎస్ఎఫ్ చేతికి చిక్కింది. దాతృత్వం ఎంత ఉన్నా లారీ లోపలికి వెళ్లే దారి లేకపోతే అది సున్నాతో సమానం. ఆ దారి తెరిపించడం రాయబారుల పని, భక్తుల పని కాదు.

ఇంకో పోలిక కూడా సూడాన్‌లోనే ఉంది. అక్కడ జకాత్ వసూలు 1980ల నుంచి చట్టబద్ధం. దానికి ప్రభుత్వ శాఖ లాంటి జకాత్ చాంబర్ ఉంది. పైనుంచి చూస్తే పేదల సంక్షేమానికి ఇంతకన్నా సిద్ధమైన యంత్రాంగం ఉండదు. కానీ యుద్ధం వచ్చాక పేటల్లో పొయ్యిలు వెలిగించింది ఆ చాంబర్ కాదు. అది ప్రభుత్వంతో ముడిపడి ఉంది, ప్రభుత్వం కూలినచోట అదీ కూలింది. తప్పనిసరి వసూలుకు, నమ్మి ఇచ్చేదానికి ఉన్న తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

తూబా: ఆసుపత్రి కట్టిన శిష్యులు

శాంతి ఉన్నచోట ఈ డబ్బు ఏం చేస్తుందో సెనెగల్‌లోని తూబా చెబుతుంది. షేక్ అహ్మదు బంబా 1880ల చివర్లో స్థాపించిన ఈ ఊరు ఇవాళ ఆ దేశంలో రాజధాని డాకర్ తర్వాత అంతటి జనాభా ఉన్న నగరం. ఆయన బోధనలో శ్రమ కూడా ప్రార్థనతో సమానం. ఫ్రెంచి వలస ప్రభుత్వం ఆయన్ని 1895లో గాబోన్‌కు పంపేసింది. తర్వాత అదే ప్రభుత్వం వేరుశనగ సాగు కోసం ‘మురీద్’ అనే ఆయన సూఫీ శాఖ శిష్యుల మీద ఆధారపడింది. 1970ల కరువుల్లో పొలాలు ఎండితే శిష్యులు నగరాలకు, అక్కడి నుంచి ఇటలీ, స్పెయిన్, న్యూయార్క్‌లకు వెళ్లారు. పారిస్ వీధుల్లో చిన్న వస్తువులు అమ్ముకునే సెనెగల్ కుర్రాళ్లలో చాలామంది ఈ శాఖవాళ్లే.

ఎక్కడికి వెళ్లినా పదిమంది చేరితే ‘దహిరా’ అనే బృందం పెట్టుకుంటారు. వారానికోసారి కూర్చుని బంబా రాసిన కవితలు పాడతారు, చందా పోగు చేస్తారు. శాఖ అధిపతి ఖలీఫా ‘ఎందిగెల్’ అంటే ఆజ్ఞ ఇస్తే డబ్బు ఏరులా వస్తుంది. తూబా పెద్ద మసీదు, 2019లో డాకర్‌లో తెరిచిన మసాలికుల్ జినాన్ మసీదు ఇలా పుట్టినవే.

అభివృద్ధి కోణంలో ముఖ్యమైంది మత్లబుల్ ఫౌజైని ఆసుపత్రి. యూరప్‌లో ఉన్న మురీద్ కార్మికుల సంఘం దశాబ్దం పైగా చందాలు పోగుచేసి కట్టించింది. ఎక్కడ కట్టాలి, ఎంత పెద్దది కట్టాలి అన్నది దాత దేశపు నిపుణుడు తేల్చలేదు. చివరికి అది ప్రభుత్వ ఆసుపత్రుల వ్యవస్థలోకి చేరింది. గోడలు భక్తితో లేస్తాయి, డాక్టరు జీతం, జనరేటర్ డీజిల్, స్కానర్ మరమ్మతు భక్తితో నడవవు. ఒక్కసారి ఇచ్చే చందాకు, ప్రతి నెలా వచ్చే బిల్లుకు మధ్య ఉన్న ఈ దూరాన్ని ఆఫ్రికాలో విశ్వాస దానం దాదాపు ఎక్కడా దాటలేదు.

ఈ మధ్య ‘తూబా చకనమ్’ అనే సంఘం దీన్ని కొంత మార్చే ప్రయత్నంలో ఉంది. ఖలీఫా అనుమతితో, సామాన్య శిష్యుల చిన్న చిన్న చందాలతో బోర్లు, మురుగు కాల్వలు, వైద్య పరికరాల పనులు చేస్తోంది. జమా ఖర్చులు బయట పెడుతుంది. మసీదుకు ఇచ్చినంత ఇష్టంగా డ్రైనేజీకి ఎవరూ ఇవ్వరు కదా. అయినా తూబాలో ప్రతి వానాకాలం వరద ముంచెత్తడం వల్ల ఆ పని పుణ్యం ఖాతాలోకి చేరింది.

మందుల అర దగ్గర లెక్క మారుతుంది

ఆఫ్రికాలో ఆరోగ్య సేవల్లో 30 నుంచి 70 శాతం దాకా విశ్వాస సంస్థలవేనని 2007 నుంచి ఒక అంకె తిరుగుతోంది. పరిశోధకులు దీన్ని తప్పుపట్టారు. దేశాన్ని బట్టి తేడా చాలా ఉంది. కట్టడాల లెక్క వేరు, రోగుల లెక్క వేరు. పల్లెల్లో మిషన్ ఆసుపత్రుల పాత్ర పెద్దదే అన్నది మాత్రం వివాదం లేని విషయం. మలావీలో చామ్, ఘనాలో 1967లో ఏర్పడిన చాగ్, కెన్యాలో చాక్ అనే క్రైస్తవ ఆరోగ్య సంఘాల కింద వందలాది ఆసుపత్రులు, క్లినిక్‌లు ఉన్నాయి. కెన్యాలో కాథలిక్, ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి 1986లోనే ‘మెడ్స్’ అనే మందుల కొనుగోలు సంస్థ పెట్టుకున్నాయి. మందుల్ని ఉమ్మడిగా కొంటే ధర తగ్గుతుంది, నాణ్యత పరీక్షించుకోవచ్చు. విశ్వాస సంస్థలు కట్టిన వ్యవస్థల్లో ఆసుపత్రి గోపురాల కన్నా ఇలాంటి గోదాములే ఎక్కువ మన్నిక చూపాయి.

ఈ ఆసుపత్రులు కానుకలతో నడుస్తున్నాయనుకుంటే పొరపాటు. మలావీ, ఘనాల్లో సిబ్బంది జీతాలు ఎక్కువగా ప్రభుత్వమే ఇస్తుంది. మిగతాది రోగులు కట్టే ఫీజు, బీమా చెల్లింపులు, విదేశీ గ్రాంట్లు. కెన్యాలో పాత జాతీయ బీమా సంస్థ నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయని చర్చి ఆసుపత్రులు చాలాకాలంగా మొత్తుకుంటున్నాయి. 2024 అక్టోబరులో కొత్త బీమా పథకం వచ్చినా ఆ టెన్షన్ తీరలేదు. హెచ్‌ఐవీ విభాగాలైతే చాలాచోట్ల 2003లో అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రారంభించిన ‘పెప్‌ఫార్’ అనే హెచ్‌ఐవీ సాయ కార్యక్రమం డబ్బు మీదే నిలబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు రెండు కోట్ల మందికి ఆ కార్యక్రమం ద్వారా మందులు అందుతున్నాయి.

మాత్ర ఖరీదు ఎక్కువేం కాదు. ఒక మనిషికి ఏడాదికి 45 డాలర్ల లోపే. ఒక చర్చి సభ్యులు తమ పేటలో పదిమంది రోగులకు మాత్రలు కొనిపెట్టగలరు. కానీ రక్తపరీక్ష చేసే ప్రయోగశాల, వైరస్ స్థాయి చూసే యంత్రం, మాత్ర ఆపేసిన మనిషిని వెతుక్కుంటూ వెళ్లే కార్యకర్త, దేశమంతా స్టాకు ఎంతుందో చూపే కంప్యూటర్ వ్యవస్థ కానుక పెట్టెలోకి రావు. ఆగిన సాయంలో ఎక్కువ దెబ్బ తగిలింది ఈ కనిపించని భాగానికే. ఇచ్చేవాడికి తన డబ్బు కళ్ల ముందు కనిపించాలి. బావి కనిపిస్తుంది, బడి కనిపిస్తుంది. రాకుండా ఆగిన అంటువ్యాధి ఎవరికి కనిపిస్తుంది?

ఎవరికి ఇవ్వవచ్చు, ఎవరు ఇస్తున్నారు

జకాత్ అంటే నిర్ణీత హద్దు దాటిన సంపదలో ఏటా 2.5 శాతం, నలభయ్యో వంతు. దాన్ని ఎవరికివ్వాలో ఖురాన్ తొమ్మిదో సూరాలోని 60వ వాక్యం ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. పేదలు, అప్పుల్లో మునిగినవారు, బాటసారులు అందులో ఉన్నారు. రోడ్డు వేయడానికి, ముస్లిమేతరులకు ఇవ్వవచ్చా అన్నదానిపై పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. చాలామంది జకాత్‌ను ముస్లింలకే పరిమితం చేస్తారు, సదఖాకు ఆ హద్దు పెట్టరు. మిశ్రమ జనాభా ఉన్న నైజీరియా మధ్య రాష్ట్రాల్లాంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు. చర్చి సాయంలోనూ సభ్యులకు మొదటి ప్రాధాన్యం దక్కడం, స్వలింగ సంపర్కులు, సెక్స్ వర్కర్లు ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కడానికి వెనకాడడం తెలిసిన సంగతులే. హెచ్‌ఐవీ కార్యక్రమంలో మొదట చేరాల్సినవారు వారే కావడం అసలు సమస్య.

ఈ హద్దును దాటి పనిచేసే సంస్థలూ లేకపోలేదు. ఇంతియాజ్ సులేమాన్ అనే డాక్టర్ 1992లో ఇస్తాంబుల్‌లో ఒక సూఫీ గురువు మాట విని దక్షిణాఫ్రికాలో ‘గిఫ్ట్ ఆఫ్ ద గివర్స్’ను పెట్టారు. మతం, జాతి చూడకుండా సేవ చేయాలన్నది గురువు పెట్టిన షరతు. 1994లో ఆ సంస్థ కంటైనర్లతో చేసిన ఆసుపత్రిని బోస్నియాకు పంపింది. ఇవాళ ఆఫ్రికాలో పుట్టిన విపత్తు సహాయ సంస్థల్లో ఇదే అతిపెద్దది. నీళ్లు ఎండిన పట్టణాల్లో ఇది బోర్లు వేసింది.

ఇక ఇచ్చేది ఎవరన్నది మరో చిక్కు. కెన్యాలో ‘హరాంబీ’ అంటే అందరూ కలిసి లాగడం, అంటే చందాలు వేసుకుని ఉమ్మడి పని చేసుకోవడం. స్వాతంత్ర్యం వచ్చాక ఇది జాతీయ నినాదమైంది. ఆదివారం చర్చిలో రాజకీయ నాయకుడు వేదిక ఎక్కి పెద్ద మొత్తం ప్రకటించడం అక్కడ మామూలే. ఆ డబ్బు ఎక్కడిదని అడిగేవారు లేరు. 2024 జూన్‌లో పన్నుల బిల్లుపై యువత రోడ్లెక్కినప్పుడు ఆ కోపం చర్చిల మీదికీ మళ్లింది. జులైలో అధ్యక్షుడు రూటో ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారు హరాంబీల్లో పాల్గొనరాదని ప్రకటించారు. నవంబరులో ఆయనే నైరోబీలోని ఒక కాథలిక్ చర్చికి దాదాపు 40 వేల డాలర్ల విలువైన కానుక ప్రకటిస్తే, ఆర్చిబిషప్ ఫిలిప్ అన్యోలో దాన్ని తిప్పిపంపారు. ప్రజల పన్నే ‘దానం’ వేషం కట్టి తిరిగివస్తోందన్న అనుమానం అక్కడ బలంగా ఉంది.

హరాంబీ చరిత్రలో ఇంకో పాఠం దాగి ఉంది. 1970ల నాటికి అక్కడ ప్రభుత్వ సెకండరీ బడుల కన్నా ప్రజలు కట్టుకున్న హరాంబీ బడులే ఎక్కువ. డబ్బున్న జిల్లాల్లో మంచి బడులు, లేనిచోట అర్హత లేని టీచర్లతో నెట్టుకొచ్చే బడులు. ఇంతకన్నా పాత ఉదాహరణ తెలుగువారిని కూడా తాకుతుంది. 1860 నుంచి నాటల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన భారతీయుల్లో మద్రాసు రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వారి పిల్లల చదువును పాలకులు పట్టించుకోలేదు. గుళ్లు, మసీదులు, చర్చిల చుట్టూ చేరిన సంఘాలు చందాలు వేసుకుని బడులు కట్టాయి. ప్రభుత్వం చివరికి ‘మీరు ఒక పౌను వేస్తే మేమొకటి వేస్తాం’ అన్న పద్ధతికి దిగింది. ఆ బడులే ఒక తరాన్ని నిలబెట్టాయి. అదే సమయంలో, వాళ్లు ఎలాగూ కట్టుకుంటారు కదా అని పాలకులు చేతులు దులుపుకోవడానికీ అవే సాకయ్యాయి.

డబ్బు దారిలో కోతలు

సహారాకు దిగువ దేశాలకు 200 డాలర్లు పంపితే సగటున 8 శాతం పైగా ఖర్చులకే పోతుంది. ప్రపంచంలో అన్ని ప్రాంతాల కన్నా ఇదే ఎక్కువ. ఐరాస పెట్టుకున్న లక్ష్యం 3 శాతం. ఉగ్రవాద నిధుల చట్టాల భయంతో బ్యాంకులు ముస్లిం ధార్మిక సంస్థల ఖాతాలను, సోమాలియా లాంటి దేశాల హవాలా కంపెనీల ఖాతాలను మూసేయడం 2001 తర్వాత మామూలైంది. తనిఖీ ఖర్చు కన్నా ఆ ఖాతా మీద వచ్చే లాభం తక్కువ. బ్యాంకు దృష్టిలో లెక్క అంతే. ఎం-పెసా లాంటి ఫోన్ చెల్లింపులు దేశం లోపల దారి సుగమం చేశాయి. నైరోబీ చర్చిల గోడల మీద కానుక కోసం పేబిల్ నంబరు (ఫోన్‌లో డబ్బు వేసే ఖాతా నంబరు) కనిపిస్తుంది. సరిహద్దు దాటాలంటే మాత్రం పాత సమస్యే.

ఈ దానానికి ఇంకో బలహీనత ఉంది. కరువు వచ్చిన ఊళ్లో ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ ఒకేసారి దెబ్బతింటారు. 2020లో కోవిడ్‌తో చర్చిలు మూతపడగానే కానుకలు పడిపోయాయి. ప్రవాసి డబ్బు దీనికి విరుగుడు, ఎందుకంటే అతని జీతం మరో దేశపు వానల మీద ఆధారపడింది.

‘స్థానికులకే ఇవ్వాలి’ అన్న పాత వాగ్దానం

మానవతా సాయంలో 25 శాతాన్ని 2020 నాటికి వీలైనంత నేరుగా స్థానిక సంస్థలకు ఇస్తామని దాతలు, పెద్ద సంస్థలు 2016లో ‘గ్రాండ్ బార్గైన్’ పేరుతో ఒప్పుకున్నాయి. నేరుగా అందింది ఒకటి, రెండు శాతం దగ్గరే ఆగిపోయింది. 2021లో యూఎస్ఎయిడ్ అధిపతి సమంతా పవర్ తమ సంస్థకు కూడా 25 శాతం లక్ష్యం పెట్టారు. అది పది శాతం దగ్గర నిలిచిపోయింది. దాత దేశపు అధికారి పది చిన్న సంఘాలతో పది ఒప్పందాలు రాసే బదులు ఒక పెద్ద సంస్థతో ఒకటి రాయడానికే మొగ్గు చూపుతాడు. ఆడిట్‌లో తప్పు దొరికితే జవాబు చెప్పాల్సింది అతనే. చిన్న సంఘం దగ్గర డాలర్ ఖాతా, ఇంగ్లిష్ నివేదిక, మూడేళ్ల ఆడిట్ ఉండవు.

విశ్వాస దానం ఈ కాగితాల గోడను తప్పించుకుని వెళ్తుంది. దాని అసలు బలం మొత్తంలో లేదు, ఇందులో ఉంది. అయితే కాగితం లేనిచోట మోసం కూడా సులువే. రువాండా 2018లో నిబంధనలు పాటించని వేలాది ప్రార్థనాలయాలను మూసేసి, పాస్టర్లకు చదువు అర్హత పెట్టింది. శబ్దం, భవన భద్రత కారణాలుగా చెప్పినా, భక్తుల జేబుల దోపిడీ గురించిన ఫిర్యాదులు వెనక ఉన్నాయి.

ఇక ముందు

పాత మార్గాన్నే కొత్త పేరుతో తెరిచే సూచన ఒకటి కనిపిస్తోంది. అమెరికా ఇప్పుడు ఒక్కో దేశంతో విడివిడిగా ఆరోగ్య ఒప్పందాలు చేసుకుంటోంది. 2025 డిసెంబరులో నైజీరియాతో కుదిరినదానిలో క్రైస్తవ ఆరోగ్య సంస్థలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంటుందని అమెరికా విదేశాంగ శాఖే ప్రకటించింది. ముస్లింలు, క్రైస్తవులు ఇంచుమించు సమానంగా ఉన్న దేశంలో ఒక మతం ఆసుపత్రులకు విదేశీ ప్రభుత్వ నిధులు ఎంచి ఇవ్వడం ఆ ఆసుపత్రులకు ఈ ఏడాది ఊపిరి పోయవచ్చు. పేటలో వాటి మీద ఉన్న నమ్మకాన్ని అది ఎలా మారుస్తుందన్నది వేరే లెక్క. విశ్వాస సంస్థ తన దాత నుంచి ఎంత దూరంగా ఉంటే స్థానికుల దృష్టిలో అంత తమది. ప్రభుత్వ గ్రాంటు పెరిగేకొద్దీ ఆ దూరం తగ్గుతుంది.

డబ్బు మొత్తాల పరంగా విశ్వాసం ఆఫ్రికాకు చేసిన అతిపెద్ద మేలు కానుక పెట్టె నుంచి రాలేదు. బైబిల్ లేవీయకాండం 25వ అధ్యాయంలో సునాద సంవత్సరం గురించి ఉంటుంది. యాభై ఏళ్లకోసారి అమ్ముకున్న భూమి తిరిగి రావాలి, కట్టుబానిస ఇంటికి వెళ్లాలి. ఆ మాట ఆధారంగా చర్చిలు ‘జూబ్లీ 2000’ పేరుతో పేద దేశాల అప్పులు రద్దు చేయాలని ఉద్యమించాయి. 1998 మేలో జీ8 సమావేశం జరిగిన బర్మింగ్‌హామ్‌లో సుమారు 70 వేల మంది చేతులు పట్టుకుని మానవహారం కట్టారు. తర్వాతి ఏళ్లలో 37 దేశాలకు, వాటిలో అత్యధికం ఆఫ్రికావే, పది వేల కోట్ల డాలర్లకు పైగా అప్పు భారం తగ్గింది. టాంజానియా 2001లో ప్రాథమిక బడి ఫీజులు ఎత్తేయడానికి వీలు కల్పించినవాటిలో ఈ ఉపశమనం ఒకటి.

అప్పుడు అప్పు ఇచ్చినవారిలో ఎక్కువమంది సంపన్న దేశాల ప్రభుత్వాలు, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్. ఓటర్లైన భక్తులు నిలదీస్తే జవాబు చెప్పాల్సిన స్థానంలో ఉన్నవారు. ఇప్పుడు అప్పులో చాలా భాగం చైనా దగ్గర, లండన్, న్యూయార్క్ బాండ్ల మదుపరుల దగ్గర ఉంది. వాళ్లను భక్తులు అలా నిలదీయడం కష్టం. జాంబియా 2020 నవంబరులో బాండ్ వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. ప్రభుత్వ రుణదాతలతో ఒప్పందం 2023లో కుదిరింది. బాండ్‌దారులతో తేలేసరికి 2024 వచ్చింది.